సెర్చ్ ఇంజన్ మార్పులు – వెబ్‌సైటు స్థానముల ఒడుదొడుకులు

ఉపోద్ఘాతము

ర్యాంకు అను మాట మన విద్యార్థులకు క్రొత్తది కాదు. నేడు ఈఏపీసెట్ అని పిలువబడు నాటి ఎంసెట్ ఫలితములు వెలువడిన దినమున ప్రతి ఇంటను వినబడు మాట అదియే. మార్కు వేరు, ర్యాంకు వేరు అనియు వారెరుగుదురు. మార్కు విద్యార్థి వ్రాసిన సమాధానమును బట్టి వచ్చును. ర్యాంకు ఇతరులతో పోల్చగా వచ్చును. అందుచే కొలత మారినచో ర్యాంకును మారును. తెలంగాణలో ఈ ర్యాంకు నిర్ణయమునకై ఇంటర్మీడియెట్ మార్కులకు ఇచ్చుచుండిన 25 శాతము వెయిటేజీని కరోనా కాలమున నిలిపివేసి, 2023లో పూర్తిగా తొలగించిరి. ఇంటర్మీడియెట్‌లో గొప్ప మార్కులు తెచ్చుకొని, ప్రవేశ పరీక్షను మధ్యరకముగా వ్రాసిన విద్యార్థి ఇట్టి మార్పు వలన వెనుకకు పోవును. అతని చదువు రవ్వంతయు తగ్గలేదు. కొలత మాత్రమే మారినది.

ఇంటర్నెట్టులోని వెబ్‌సైట్లకును ఇట్టి ర్యాంకులు కలవు. ఎవరైన ఒక ప్రశ్న వ్రాసి వెదకినపుడు ఏ వెబ్‌సైటును ముందు చూపవలెను, దేనిని వెనుక చూపవలెను అను నిర్ణయము చేయునది గూగుల్ వంటి సెర్చ్ ఇంజన్. ఆ నిర్ణయమునకు ఆధారమైన గణన విధానమునే అల్గారిథం అందురు. గూగుల్ సంస్థ ఈ విధానమున సంవత్సరమునకు పలుమార్లు పెద్ద మార్పులు చేయుచుండును. నిన్నటి వరకు మొదటి పుటలో కనిపించిన దుకాణము నేడు నాల్గవ పుటకు పోవచ్చును. కొనువారు తగ్గుదురు, పనివారికి జీతములిచ్చుట కష్టమగును. మన విద్యార్థులలో అనేకులు డిజిటల్ మార్కెటింగ్, పత్రికా రచన, స్వంత వ్యాపారము మొదలగు వానిలో జీవనోపాధి వెదకుకొనుచున్నారు. కావున ఈ విషయము వారికి వినోదము కాదు, అన్నము పెట్టు విద్య.

మేము చెప్పదలచినది ఒక్కటే. స్థానము పడిపోయినదని తెలిసినంతనే వెబ్‌సైటుపై చేయి వేయరాదు. మొదట కొలవవలెను, పిదప కారణము నిర్ణయింపవలెను, ఆ తరువాతనే దిద్దవలెను. నాడి చూడక మందిచ్చు వైద్యుని వలన రోగికి ఎంత మేలు కలుగునో, తొందరపడి మార్పులు చేయువాని వలన వెబ్‌సైటునకును అంత మేలే కలుగును.

సెర్చ్ ఇంజన్ పని చేయు విధము

సెర్చ్ ఇంజన్ పనిని మూడు భాగములుగా చెప్పవచ్చును. మొదటిది సంచారము: దాని యంత్రములు ఒక పుట నుండి మరియొక పుటకు లింకుల వెంట తిరిగి చదువుచుండును. రెండవది పట్టిక కూర్చుట: చదివిన దానిని గ్రంథాలయపు సూచికవలె పదిలపరచును. మూడవది స్థాన నిర్ణయము: ప్రశ్న వచ్చినపుడు ఆ సూచిక నుండి తగిన పుటలను తీసి వరుసలో పెట్టును.

ఈ మూడవ పనికి గూగుల్ స్థాపకులైన ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థులుగా నుండగా ఒక మార్గము కనిపెట్టిరి. పేజ్‌ర్యాంక్ అను ఆ విధానమును వివరించు వ్యాసమును 1998లో ప్రకటించిరి. ఒక శాస్త్రవ్యాసమును ఎందరు పండితులు తమ రచనలలో ఉదాహరించిరో చూచి దాని విలువ కట్టుట విద్యాలోకమున కలదు. అదే విధముగా ఒక పుటకు ఎన్ని పుటలు లింకులిచ్చినవి, ఆ ఇచ్చిన పుటల విలువ యెంత అని లెక్కించుటయే పేజ్‌ర్యాంక్ సారాంశము. నేడు లింకు అనేక గుర్తులలో ఒకటి మాత్రమే. అడిగిన ప్రశ్న భావము, పుటలోని విషయము, అడుగువాని ప్రదేశము, భాష, విషయపు తాజాదనము మొదలగునవన్నియు లెక్కకు వచ్చును. ఈ గుర్తుల ప్రాధాన్యమును హెచ్చించుటయో తగ్గించుటయో జరిగినపుడు వరుస మారును.

ముఖ్యమైన మార్పులు

2003 నవంబరులో వచ్చిన మార్పునకు ఫ్లోరిడా అను పేరు వచ్చినది. ఒకే మాటను పుట నిండ నింపి పైస్థానము సంపాదించు ఉపాయమును అది దెబ్బ తీసెను. క్రిస్మస్ అమ్మకములకు ముందు రావుటచే పాశ్చాత్య దేశములలోని చిన్న వర్తకులు అనేకులు నష్టపోయిరి.

2011 ఫిబ్రవరిలో పాండా అను మార్పు అమెరికాలో మొదలైనది. నవనీత్ పాండా అను గూగుల్ ఇంజనీరు పేరు మీదుగా దానికాపేరు కలిగెను. సారము లేని వ్యాసములను వేలకొలది గుప్పించు వెబ్‌సైట్లపై అది పని చేసెను. అచట వెదకబడు ప్రశ్నలలో సుమారు 12 శాతమునకు ఫలితములు గుర్తింపదగినంతగా మారునని గూగుల్ నాడు ప్రకటించినది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ లింకులను కొనుట, అమ్ముట మొదలగు కపటములను అణచుటకు ఉద్దేశింపబడినది. 2015 ఏప్రిల్‌లో మొబైల్ ఫోనుపై చదువ వీలైన పుటలకు ఫోనులో వెదకువారి ఫలితములందు ప్రాధాన్యము ఇచ్చిరి.

2019 అక్టోబరులో బెర్ట్ అను భాషా నమూనాను ఆంగ్ల ప్రశ్నలకు వాడ నారంభించిరి. అదే సంవత్సరము డిసెంబరులో దానిని డెబ్బదికి పైగా భాషలకు విస్తరించిరి. వానిలో తెలుగు, ఉర్దూ భాషలు రెండును కలవు. అనగా యంత్రము విడివిడి మాటలను గాక, వాక్యమున మాటకు మాటకు గల సంబంధమును చూచుటకు పూనుకొనినది.

2022 ఆగస్టులో, తిరిగి 2023 సెప్టెంబరులో, చదువరికి ఉపకరించు విషయమునకు ప్రాధాన్యమిచ్చుటకని మార్పులు చేసిరి. ఆ పిదప 2024 మార్చి 5న మొదలైన మూల విధానపు మార్పు ఏప్రిల్ 19 వరకు, అనగా 45 దినములు సాగినది. ఇట్టివానినే కోర్ అప్‌డేట్ అందురు.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. పెంగ్విన్ వంటి మార్పు ఒకానొక దోషముపై గురిపెట్టినది. కోర్ అప్‌డేట్ అట్టిది కాదు. అది మొత్తము కొలతనే సరిచూచుకొనుట. 2015లో ఉత్తమ చలనచిత్రములు నూరింటి పట్టిక వ్రాసి, దానినే 2019లో తిరిగి వ్రాసినచో క్రొత్తవి కొన్ని చేరును, పాతవి కొన్ని క్రిందికి దిగును. దిగినవి చెడ్డ చిత్రములని అర్థము కాదు. ఈ పోలిక గూగుల్ వారే చెప్పినది. కనుక కోర్ అప్‌డేటులో స్థానము తగ్గినవాడు తాను నేరము చేసితినని భావింప పనిలేదు.

ఒడుదొడుకులకు కారణములు

స్థానము గాని చదువరుల సంఖ్య గాని తగ్గినపుడు అల్గారిథమును నిందించుట సులభము. కాని కారణములు పెక్కు కలవు.

మొదటిది, ఇంటిలోని లోపము. వెబ్‌సైటునకు క్రొత్త రూపమిచ్చునపుడు పుటల చిరునామాలు మార్చి, పాత చిరునామాలను క్రొత్తవానికి మళ్లించుట మరచుట మిక్కిలి సాధారణము. ఈ పుటను సూచికలో చేర్చవలదు అని యంత్రమునకు చెప్పు ఆజ్ఞ పొరపాటున మిగిలిపోవుటయు కలదు.

రెండవది, కాలము. పరీక్షా ఫలితములు, పండుగలు, ప్రవేశములు మొదలగు వానికి ఋతువులు కలవు.

మూడవది, పోటీ. మన పుట నిలిచినచోటనే నిలిచినను, మరియొకరు మెరుగైన పుట వ్రాసినచో మన స్థానము తగ్గును.

నాల్గవది, ఫలితముల పుట రూపము మారుట. ఏఐ ఓవర్‌వ్యూ అను కృత్రిమ మేధా సమాధానములను గూగుల్ 2024 మే నెలలో అమెరికాలోను, ఆగస్టులో మన దేశమునను ప్రవేశపెట్టినది. సమాధానము పైననే లభించినపుడు చదువరి క్రిందనున్న లింకును నొక్కకపోవచ్చును. అప్పుడు స్థానము మారదు, కాని వచ్చు చదువరులు తగ్గుదురు.

ఐదవది, గూగుల్ ఉద్యోగులు స్వయముగా పరిశీలించి విధించు శిక్ష. దీనికి మాన్యువల్ యాక్షన్ అని పేరు. విధించినపుడు దాని సమాచారము వెబ్‌సైటు యజమానికి సెర్చ్ కన్సోల్‌లో కనబడును. దోషమును సరిదిద్ది పునఃపరిశీలన కోరవచ్చును. కోర్ అప్‌డేటునకు ఇట్టి నోటీసు ఉండదు, అప్పీలు లేదు.

ఈ ఐదును కాదని తేలిన పిదపనే అల్గారిథం మార్పును ఆరవ కారణముగా తలచుట న్యాయము.

కొలుచు విధము

కొలతకు కావలసిన ముఖ్య సాధనము గూగుల్ వారి సెర్చ్ కన్సోల్. దీనికి రుసుము లేదు. ఒక పుట ఎన్నిసార్లు ఫలితములలో కనిపించెను, ఎందరు నొక్కిరి, సగటున ఎన్నవ స్థానమున నిలిచెను అను వివరములు 16 నెలల వరకు అందులో లభించును. అయితే ఈ అంకెలను చదువుటలో మెలకువ కావలెను.

సగటు స్థానము అను అంకెనే చూతము. హలీం వండు విధానమును గూర్చిన ఒక పుట ఫిబ్రవరిలో ఒక ప్రశ్నకు మూడవ స్థానమున 100 సార్లు కనిపించినదనుకొందము. సగటు 3. మార్చిలో ఆ ప్రశ్నకు అదే మూడవ స్థానమున 100 సార్లు కనిపించుచు, మరియొక క్రొత్త ప్రశ్నకు 41వ స్థానమున 100 సార్లు కనిపించినదనుకొందము. ఇప్పుడు సగటు, 300కు 4100 కలిపి 200చే భాగింపగా, 22 అగును. 3 నుండి 22కు పడినదని యజమాని గుండె బాదుకొనును. నిజమునకు ఏదియు పడలేదు. క్రొత్తగా ఒక ద్వారము తెరచుకొనినది. కావున మొత్తపు సగటును గాక, ప్రశ్న ప్రశ్నకును, పుట పుటకును విడదీసి చూడవలెను.

పోల్చు దినములను ఎన్నుకొనుట రెండవ మెలకువ. కోర్ అప్‌డేట్ సాగుచున్నంత కాలము అంకెలు స్థిరముగా నుండవు. అది ముగిసిన పిదప కనీసము ఒక పూర్తి వారము ఆగి, ముగిసిన తరువాతి వారమును, మొదలగుటకు ముందటి వారముతో పోల్చుడని గూగుల్ వారి సూచన. మొదలైనది, ముగిసినది ఎన్నడో వారి స్టేటస్ డ్యాష్‌బోర్డులో ప్రకటింతురు. ఈ సూచన మంచిదే. కాని దానిని గ్రుడ్డిగా పాటించినను మోసపోవచ్చునని మన పాఠకులకు సుపరిచితమైన ఉదాహరణతో చూపుదుము.

సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికలు ప్రకటించు వెబ్‌సైటు ఒకటి కలదనుకొందము. 2025లో కోర్ అప్‌డేట్ మార్చి 13న మొదలై 27న ముగిసెను. ఆ సంవత్సరము మన దేశమున రంజాను ఉపవాసములు మార్చి 2న మొదలై, 31న పండుగ జరిగెను. సూచన ప్రకారము ముందటి వారము మార్చి 6 నుండి 12 వరకు; ఏడు దినములును ఉపవాస దినములే. తరువాతి వారము మార్చి 28 నుండి ఏప్రిల్ 3 వరకు; అందు ఉపవాసములు మూడు దినములే. పండుగ పిదప ఇఫ్తార్ వేళ వెదకువారెవరు? అంకె కూలిపోవును. కూల్చినది అల్గారిథం కాదు, నెలవంక.

పోనీ, గత సంవత్సరపు అవే తేదీలతో పోల్చుదమన్నను చిక్కే. హిజ్రీ సంవత్సరము సుమారు 11 దినములు చిన్నది. 2024లో ఉపవాసములు మొదలైనది మార్చి 12న, పండుగ ఏప్రిల్ 11న. పైగా 2024 మార్చి కోర్ అప్‌డేట్ ఆ మాసమంతటిని కప్పుకొని యుండెను. ఇట్టి తావుల రంజాను మొదటి వారమును రంజాను మొదటి వారముతోనే పోల్చవలెను. సంవత్సరము పొడవున చదువబడు ఇతర పుటలను వేరుగా చూడవలెను. అవి నిలకడగా నుండి పండుగ పుటలు మాత్రమే తగ్గినచో అది కాలధర్మము. అన్నియు ఒక్కసారిగా, అప్‌డేట్ దినములలోనే తగ్గినచో అప్పుడు అల్గారిథమును అనుమానింపవచ్చును. సంక్రాంతి, ఇంటర్ ఫలితములు మొదలగు వానికిని ఇదే న్యాయము వర్తించును.

చేయదగినవి, చేయరానివి

తగ్గుదల నిజమే అని తేలినది. ఇక తగ్గినది యెంత అని చూడవలెను. రెండవ స్థానము నుండి నాల్గవ స్థానమునకు దిగినచో పెద్ద మార్పులు అనవసరము. నాల్గవ స్థానము నుండి 29వ స్థానమునకు పడినచో లోతైన పరిశీలన కావలెను.

ఆ పరిశీలన ఎట్లు? మనలను దాటి పైకి పోయిన పుటలను ప్రశ్న అడిగిన చదువరి కన్నులతో చదువవలెను. వారు చెప్పినది, మనము చెప్పనిది ఏది? పాండా మార్పు పిదప 2011 మే నెలలో గూగుల్ అధికారి అమిత్ సింఘాల్ 23 ప్రశ్నలను ప్రకటించెను. విషయము తెలిసినవారు వ్రాసినదేనా? స్వంత సమాచారము గాని పరిశోధన గాని కలదా? ఒకే సంగతిని మాటలు మార్చి అనేక పుటలలో వ్రాసిరా? ఇట్టివి వానిలో కొన్ని. ఇవి నేటికిని పాతబడలేదు. వీనికి సమాధానము యజమాని తానే చెప్పుకొనుటకంటె, సంబంధము లేని మరియొకరిచేత చెప్పించుకొనుట మేలు.

దిద్దునపుడు ఒక్కొక్క మార్పును తేదీతో సహా పుస్తకమున వ్రాసియుంచవలెను. పది మార్పులు ఒకే దినమున చేసినవానికి ఏది మేలు చేసెనో, ఏది కీడు చేసెనో ఎన్నటికిని తెలియదు. ప్రయోగశాలలో ఒక్క అంశమును మార్చి తక్కినవానిని స్థిరముగా నుంచుట మన విజ్ఞాన విద్యార్థులు నేర్చిన పాఠమే గదా.

చేయరానివియు కలవు. వ్యాసమును మార్చక తేదీని మాత్రము నేటిదిగా మార్చుట చదువరిని వంచించుటయే. పొడుగు వ్యాసమునకు పెద్దపీట వేయుదురని వినికిడితో మాటలు పెంచుట వ్యర్థము. ఇన్ని మాటలుండవలెనను నియమము లేదు. లింకులు కొనుట రోగమునకు విషము త్రాగుట వంటిది. పాత పుటలను మూకుమ్మడిగా తొలగించుట చిట్టచివరి ఉపాయము మాత్రమే. దిద్ద వీలున్నంత వరకు దిద్దవలెను. ఫలానా దినములలో మొదటి స్థానము ఇప్పింతునని పూచీ ఇచ్చువాని మాట నమ్మరాదు. గూగుల్ వెలుపలనున్న ఎవరికిని అట్టి శక్తి లేదు.

ఒక కఠిన సత్యము

ఇన్ని చేసినను పాత స్థానము తప్పక లభించునా? లభించునని చెప్పుట న్యాయము కాదు. దిద్దుబాటు ఫలించుటకు కొన్ని నెలలు పట్టవచ్చును. మరియొక కోర్ అప్‌డేట్ వచ్చువరకు వేచియుండవలసి రావచ్చును. అప్పటికిని ఫలితము నిశ్చయము కాదు. ఈ మాట గూగుల్ వారే స్పష్టముగా చెప్పియున్నారు. 2023 సెప్టెంబరు మార్పు పిదప విదేశములలో ప్రయాణములు, వస్తు పరీక్షలు మొదలగు విషయములపై స్వంతముగా వ్రాసికొను చిన్న ప్రచురణకర్తలు అనేకులు తమ చదువరులలో అధికభాగమును పోగొట్టుకొనిరి. కొందరు పనివారిని పంపివేసిరి, కొందరు పని మానుకొనిరి. వారందరును కపటము చేసినవారు కారు. కొలత గీయువాడు ఒక్కడే యైనపుడు, ఆ కొలత తప్పిన చోట చిన్నవాని మొర వినువారు అరుదు.

దీనినుండి నేర్వవలసినది నిరాశ కాదు, జాగ్రత్త. ఇంటికి ఒకే స్తంభము చాలదు. పేరు తెలిసి నేరుగా వచ్చు చదువరులు, ఈ-మెయిల్ ద్వారా ఉత్తరములు అందుకొను చందాదారులు, ముఖాముఖి పరిచయము గల కొనుగోలుదారులు ఉన్నవానికి కోర్ అప్‌డేట్ ఒక గాలివాన. లేనివానికి అది ఉప్పెన.

మన రెండు భాషలు

తెలుగు, ఉర్దూ పుటల విషయమున మరియొక మాట. యూనికోడ్ వ్యాప్తికి ముందు తెలుగు వెబ్‌సైట్లు పలు స్వంత ఫాంట్లలో వెలువడెను. ఫాంటు లేనివానికి అందు అర్థము లేని గుర్తులే కనబడెడివి. ఉర్దూ పత్రికలలో కొన్ని నస్తాలిఖ్ వ్రాత అందము చెడకుండుటకై పుటలను చిత్రములుగా ప్రకటించెడివి. సెర్చ్ ఇంజనునకు అవి మూగ పుటలు. చదువబడని పుటకు ర్యాంకు మారుట అను ప్రశ్నయే లేదు. నేడును నోటీసులను ఫోటో తీసి పెట్టుట మనకు అలవాటు. అక్షరములను అక్షరములుగా, యూనికోడ్‌లో పెట్టుట మన భాషలలో మొదటి దిద్దుబాటు.

కళాశాల కమిటీ వారికి మా మనవి మూడు మాటలలో ముగియును. ప్రవేశముల ప్రకటనలు, ఉపకార వేతనముల వివరములు రెండు భాషలలోను చదువదగిన అక్షరములలో ఉంచవలెను. ప్రతి సంవత్సరము పుటల చిరునామాలు మార్చరాదు. మార్చినచో పాతవానిని క్రొత్తవానికి మళ్లింపవలెను. సెర్చ్ కన్సోల్ అంకెలను నెలకొకసారి రిజిష్టరులో వ్రాయు పనిని ఆసక్తి గల విద్యార్థులకు అప్పగింపవలెను. మూడవది వ్యయము లేని శిక్షణ. ఆ రిజిష్టరు వ్రాసిన విద్యార్థి రేపు ఏ కార్యాలయమునకు పోయినను ఊహను అంకె నుండి వేరు చేయగలడు.

ముగింపు

కొలతలు మారుచునే యుండును. వానిని ఆపుట మన చేతిలో లేదు. పడినదో లేదో సరిగా కొలుచుట, ఏల పడినదో ఓపికతో తేల్చుకొనుట, అడిగినవానికి నిజమైన సమాధానము వ్రాసిపెట్టుట మన చేతిలోనివి. ర్యాంకు కొరకు వ్రాసిన పుట కొలత మారిన నాడు నిరర్థకమగును. చదువరి కొరకు వ్రాసిన పుట ఏ స్థానమున నున్నను, దానిని చేరుకొనిన ఒక్కనికైనను పనికివచ్చును. విద్యార్థులు ఈ రెంటికి గల భేదమును గుర్తించి తమ శ్రమను రెండవ దానియందు నిలుపుదురు గాక.